నల్లమల అడవిలో రెండు రాత్రుల బస: పాపతో, పెద్దావిడతో వెళ్లవచ్చా?

మీ ప్రశ్న సారాంశాన్ని ముందుగా ఒకసారి చెప్పుకుంటాను. గుంటూరు నుంచి మీ దంపతులు, ఏడేళ్ల పాప, అరవై ఎనిమిదేళ్ల మీ అమ్మగారు కలిసి డిసెంబరు ఆఖరి వారంలో నల్లమలలోని ఒక జంగిల్ క్యాంపులో రెండు రాత్రులకు కాటేజీ తీసుకున్నారు. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదని, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదని, టీవీ, ఏసీ వంటివి ఉండవని తెలిశాక బంధువులు మిమ్మల్ని భయపెట్టారు. క్షేమమేనా, ఏమేమి తీసుకువెళ్లాలి, పులి కనిపిస్తుందా అని మీరు అడిగారు. "రాత్రి పులి వచ్చి మన తలుపు కొడుతుందా?" అని పాప అడుగుతోందని కూడా చివర్లో రాశారు.

వెళ్లండి. క్షేమంగా ఉండి రావచ్చు. మోకాళ్ల నొప్పులు, బీపీ తప్ప మరే అనారోగ్యమూ లేదని రాశారు కనుక మీ అమ్మగారిని ఇంట్లో వదిలి వెళ్లవలసిన అవసరం లేదు. అయితే పులి మీద పెట్టుకున్న భయాన్ని అక్కడి నుంచి తీసి నేల మీద పెట్టుకోండి. అడవి బసలో మనిషికి కీడు జరిగేది చాలావరకు పాదానికి దగ్గరలోనే: చీకట్లో చూడకుండా వేసిన అడుగు, దులపకుండా తొడిగిన బూటు, నేల మీద పరిచిన పక్క. ఈ మూడింటి విషయంలో జాగ్రత్తపడితే మిగిలినవన్నీ చిన్న ఇబ్బందులే. పులి కనిపిస్తుందా అన్నదానికి జవాబు ఒక్కటే: కనిపించదనుకునే బయలుదేరండి.

ఇదంతా నేను ఎలా చెప్పగలుగుతున్నానో కూడా మీకు తెలియాలి. అటవీశాఖలో బీట్ ఆఫీసరుగా చేరి ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం ఆత్మకూరు, మార్కాపురం డివిజన్లలోనే గడిచింది. రెస్ట్ హౌసుల్లోనూ, అడవి లోపల కాపలా సిబ్బంది ఉండే బేస్ క్యాంపుల్లోనూ పడుకున్న రాత్రులు లెక్కపెట్టలేను. రిటైరయ్యాక ప్రతి చలికాలం బంధువులనో, స్నేహితుల పిల్లలనో వెంటబెట్టుకుని అక్కడికే వెళుతున్నాను.

మీరు వెళ్లే చోటు గురించి రెండు మాటలు. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 1978లో ఏర్పడి, 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరింది. అప్పటి విస్తీర్ణం 3,568 చదరపు కిలోమీటర్లు. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు అవతలి భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా తెలంగాణలోకి వెళ్లింది. బైర్లూటి, పచ్చర్ల, తుమ్మలబైలు వంటి క్యాంపులు ఇవతలి వైపున ఉన్నాయి. అక్కడ పనిచేసేవారిలో చాలామంది చెంచులు. అంటే మీరు హోటలుకు వెళ్లడం లేదు. వారు తరతరాలుగా బతుకుతున్న చోటికి, పులుల కోసం ప్రభుత్వం కాపాడుతున్న చోటికి రెండు రోజుల చుట్టంగా వెళుతున్నారు. అక్కడి నియమాలన్నిటికీ మూలం ఇదే.

ఇప్పుడు నేల గురించి. నా సర్వీసు తొలి ఏళ్లలో ఒక వేసవి రాత్రి బేస్ క్యాంపులో మేము ఐదుగురం ఉన్నాము. ఉక్కకు తట్టుకోలేక ఒక వాచరు సిమెంటు గచ్చు మీద తుండుగుడ్డ పరుచుకుని పడుకున్నాడు. తెల్లవారుజామున కడుపునొప్పి అని లేచాడు. రాత్రి తిన్న కూర పడలేదేమో అనుకుని జీలకర్ర నీళ్లు ఇచ్చాము. వెలుగు వచ్చే సమయానికి అతని కనురెప్పలు వాలిపోతున్నాయి, మాట ముక్కులోంచి వస్తోంది. మాతో ఉన్న ఒక పెద్ద వయసు చెంచు వాచరు అతని ముఖం చూసి, "ఇది కట్లపాము పని, కాటు వెతకొద్దు, బండి తియ్యండి" అన్నాడు. రెండు గంటల ప్రయాణం. దారి పొడవునా అతని తల నా ఒడిలోనే ఉంది. కుడి చేత్తో గడ్డం ఎత్తిపట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూస్తూ కూర్చున్నాను. ఆస్పత్రిలో విషానికి విరుగుడు ఇచ్చి, మూడు రోజులు యంత్రంతో శ్వాస అందించి బతికించారు. కాటు గుర్తు మాకు చివరిదాకా కనిపించలేదు. మేము తిరిగి వచ్చి చూస్తే పాము గోడవారగా చుట్టిపెట్టిన గోనెసంచి కిందే ఉంది, నల్లటి ఒంటి మీద సన్నని తెల్లటి కట్లతో.

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. కాటుకు తరచు నొప్పి పుట్టదు, వాపు కూడా పెద్దగా రాదు. కాబట్టి నిద్రలో కరిస్తే తెలియనే తెలియదు. డిసెంబరు చలిలో పాముల సంచారం తగ్గుతుంది కానీ ఆగిపోదు. అందుకని అడవిలో ఎవరూ నేల మీద పడుకోకూడదు. ముగ్గురికే మంచాలున్నాయి, పాపకు కింద పరుపు వేస్తామని అంటే ఒప్పుకోకండి, మీ మంచం మీదే పడుకోబెట్టుకోండి. మంచాన్ని గోడకు జానెడు దూరం జరపండి. దోమతెర తప్పక పట్టుకువెళ్లండి, దాని అంచులను నాలుగు వైపులా పరుపు కిందకు దోపండి. దుప్పటి కొస నేలకు వేలాడనివ్వకండి. దోమతెర దోమలకే అనుకుంటాము గాని, అంచులు సరిగ్గా దోపిన తెర కట్లపామును, తేలును, జెర్రిని కూడా మంచం మీదకు రానివ్వదు.

పాత కాలపు అటవీ రెస్ట్ హౌసులను గమనిస్తే ఈ విషయాలు కట్టినవారికి ఎంత బాగా తెలుసో అర్థమవుతుంది. నడుము ఎత్తు అరుగు మీద ఇల్లు ఉంటుంది. ఎక్కడానికి నాలుగైదు మెట్లు, చుట్టూ వెడల్పాటి వరండా, పెంకుల కప్పు. వంటపాక మాత్రం ఇరవై ముప్పై అడుగుల దూరంలో విడిగా ఉంటుంది. నిప్పు భయం ఒక కారణమైతే, తిండి వాసన పడుకునే చోటికి రాకూడదన్నది రెండోది. ఇంటి చుట్టూ గడ్డి మొలవకుండా గులకరాళ్లు పోసిన ఖాళీ జాగా ఉంటుంది. ఆ జాగాను సాయంత్రం పూట ఊడ్చే వాచ్‌మన్‌ను చూసి శుభ్రత కోసం అనుకునేవాణ్ణి. ఎండుటాకు లేకపోతే పాము దాగదు, ఏదైనా నడిచి వెళ్లినా పొద్దున్నే జాడ కనిపిస్తుంది అని ఆయన చెప్పాక గాని నాకు బోధపడలేదు.

ఇప్పటి కాటేజీలకు అంత ఎత్తు అరుగులు అన్నిచోట్లా లేవు. అందువల్ల గదిలోకి అడుగుపెట్టగానే సామాను సర్దకముందే రెండు చోట్లు చూడండి. తలుపు కింద సందు వేలు పట్టేంత ఉంటే రాత్రి పాత తువ్వాలును గట్టిగా చుట్టి అడ్డం పెట్టండి. స్నానాల గదిలో నీళ్లు పోయే తూముకు జాలీ ఉందో లేదో చూడండి. లేకపోతే క్యాంపు వారిని అడిగి మూయించండి. తూము గుండా ముందు కప్ప వస్తుంది, కప్ప వెనుక మరొకటి వస్తుంది. అలాగే వరండాలో ట్యూబులైటు రాత్రంతా వెలగనివ్వవద్దు. దీపానికి పురుగులు, పురుగులకు బల్లులు, కప్పలు, వాటి కోసం పాములు చేరతాయి. దీపం ఆర్పితే మీకు ఇంకో లాభం కూడా ఉంది, గుంటూరులో ఎన్నడూ చూడనన్ని నక్షత్రాలు కనిపిస్తాయి.

తేళ్ల విషయంలో మనవాళ్లలో ఒక పొరపాటు ఉంది. నల్లగా అరచేయంత ఉండే మండ్రగబ్బను చూసి హడలిపోతారు, వేలెడంత ఎర్రతేలును చెప్పుతో కొట్టి ఊరుకుంటారు. నిజానికి పిల్లల ప్రాణానికి ముప్పు తెచ్చేది ఆ ఎర్రతేలే. అది కుట్టాక చెమటలు పట్టడం, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడటం కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. పాపకు మీరు నేర్పవలసింది ఒక అలవాటు: బూటును తిరగేసి గడప మీద రెండుసార్లు కొట్టి తొడుక్కోవడం, తువ్వాలును విదిలించి వాడటం. ఒక చిన్న యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి కొనుక్కుంటే ఇంకా మంచిది. చీకట్లో దాని వెలుగు పడితే తేలు పచ్చగా మెరుస్తుంది. పడుకోబోయే ముందు గది మూలలు, స్నానాల గది, వరండా మెట్లు ఆ టార్చితో చూడటానికి ఐదు నిమిషాలు చాలు. మా మనవడికి అది రోజూ ఒక వేడుక.

చీకటి పడ్డాక మనిషి తోడు లేకుండా, టార్చి లేకుండా వరండా మెట్టు దిగకూడదు. ఈ ఒక్క నియమానికి మినహాయింపు లేదు. రాత్రి భోజనానికి హాలు దాకా వెళ్లవలసి వస్తుంది. అందరూ కలిసి, క్యాంపు మనిషి ముందు నడుస్తుండగా వెళ్లండి. టార్చి వెలుగు చెట్ల మీద కాదు, మీ పాదాలకు రెండడుగుల ముందు పడాలి. నేను తీసుకువెళ్లిన ఒక స్నేహితుడు రాత్రి పది గంటలకు ఫోను చార్జరు కోసమని హవాయి చెప్పులతో కారు దగ్గరకు వెళ్లాడు. కుక్కరు ఆవిరి వదిలినట్టు చప్పుడు వినిపించి అక్కడే ఆగిపోయాడు. ఆగడమే అతణ్ణి కాపాడింది. ముందు చక్రం పక్కన రక్తపింజర చుట్ట చుట్టుకుని ఉంది, అతని కాలికి మూరెడు దూరంలో. నేను వరండాలోంచి లైటు వేసి, "వచ్చిన అడుగులోనే వెనక్కి రా" అని చెప్పాను. ఆ చప్పుడు అది దాడికి చేసేది కాదు, "నా మీద కాలు వేయకు" అని హెచ్చరించడానికి చేసేది. చార్జరు, మందులు, పాప స్వెట్టరు వంటివన్నీ పొద్దు ఉండగానే గదిలోకి చేర్చుకోండి.

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా పాము కరిస్తే ఏమి చేయాలో కూడా తెలిసి ఉండాలి. కట్టు బిగించవద్దు, గాటు పెట్టవద్దు, నోటితో పీల్చవద్దు, పసరు మందుల కోసం ఆగవద్దు. ఉంగరాలు, గాజులు, పట్టీలు తీసేసి, కరిచిన కాలు గాని చెయ్యి గాని కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా మోసుకుని బండి ఎక్కించాలి. పామును చంపి తీసుకురావలసిన పని లేదు. మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, రంపపు పొలుసుల పింజర నాలుగింటికీ కలిపి తయారైనదే.

అందుకే బయలుదేరకముందే క్యాంపుకు ఫోను చేసి మూడు ప్రశ్నలు అడగండి. విరుగుడు మందు ఉండే ఆస్పత్రి ఎక్కడ, ఎంత సేపటి ప్రయాణం? రాత్రిపూట క్యాంపులో బండి, డ్రైవరు ఉంటారా? 108కి ఫోను చేయాలంటే సిగ్నల్ ఏ చోట అందుతుంది, లేకపోతే క్యాంపులో వైర్‌లెస్ సెట్టు ఉందా? ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పే క్యాంపును నమ్మవచ్చు. గది ఫొటోలు చూసి నిర్ణయించుకోవడం కంటే ఇది నూరు రెట్లు మేలైన పరీక్ష.

దారి విషయం కూడా ఇక్కడే చెప్పాలి. మీరు వినుకొండ మీదుగా దోర్నాల వస్తారు. అక్కడి నుంచి అడవి మొదలు. వన్యప్రాణుల కోసం ఘాట్ రోడ్లలో రాత్రిపూట రాకపోకలు ఆపేస్తారు. శ్రీశైలం దారిలో ఇది రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు. మీరు గేటు సమయం చూసుకుని రావడం కాదు, మధ్యాహ్నం మూడు గంటలకల్లా క్యాంపులో ఉండేట్టు బయలుదేరండి. గదిని పగటి వెలుగులో చూసుకోవాలి, మీ అమ్మగారు మెట్లను, స్నానాల గదిని పగలే ఒకసారి నడిచి చూసుకోవాలి. దారిలో కోతులకు అరటిపళ్లు, బిస్కెట్లు వేయకండి. తిండికి అలవాటు పడిన కోతులు రోడ్డు మీదే కూర్చుని బండ్ల కింద పడి చచ్చిపోతున్నాయి. నేను స్వయంగా పక్కకు తీసిన కళేబరాలు ఎన్నో.

గదిలో తినుబండారాలు విప్పి ఉంచవద్దని అందరూ చెబుతారు, ఎందుకో చెప్పరు. బిస్కెట్ పొట్లం ఎలుకను పిలుస్తుంది, ఎలుక పామును పిలుస్తుంది. కోతి సంచీని చించి పట్టుకుపోతుంది. పాప కోసం తెచ్చిన జంతికలు, లడ్డూలు మూత బిగిసే స్టీలు డబ్బాలో పెట్టండి. తిన్న తర్వాత నలుసులు ఊడ్చి, చెత్తను గుంటూరు దాకా వెనక్కి తీసుకురండి. పండ్ల తొక్కలను కూడా "మట్టిలో కలిసిపోతాయిలే" అని విసరకండి, అవి కలవకముందే ఎలుగుబంటి వాసన పడుతుంది.

ఎలుగుబంటి సంగతి నిజంగా తెలుసుకోవలసినదే. నల్లమల ఊళ్లలో పులి వల్ల గాయపడినవారు నాకు దాదాపుగా తెలియదు, ఎలుగు వల్ల గాయపడినవారు చాలామంది తెలుసు. దానికి చూపు మందం, వాసన మాత్రం అమోఘం. గాలి ఎదురుగా ఉంటే మనం దగ్గరకు వెళ్లేదాకా పసిగట్టదు, పసిగట్టిన క్షణాన భయంతో మీద పడుతుంది. వేసవిలో ఇప్పపూల కోసం, మీరు వెళ్లే కాలంలో రేగుపళ్ల కోసం తిరుగుతుంటుంది. కాబట్టి క్యాంపు పక్కన రేగుపొదలు ఎంత ఊరిస్తున్నా పాపను ఒంటరిగా వదలకండి. నడక ఏదైనా గైడుతోనే చేయండి. అతను ఆగమంటే ఆగండి, ఎందుకని అప్పుడే అడగకండి.

ఇక పులి. నల్లమల కొండలు, లోయలు, వెదురు పొదలు, నిలువెత్తు బోదగడ్డితో నిండిన అడవి. మహారాష్ట్రలోని తాడోబాలోనో రాజస్థాన్‌లోని రణథంబోర్‌లోనో ఉన్నట్టు ఇక్కడ పులి జీపుల పక్కన నడవదు. ముప్పై ఒక్క ఏళ్లలో నేను ఎదురుగా చూసిన సందర్భాలు పదకొండు, వాటిలో సగం వెనక నుంచి చూసినవే. సఫారీకి డబ్బు కట్టాము, పులి చూపించలేదు అని గైడుతో తగాదా పడేవారిని చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది. ఆ కుర్రవాడు పొద్దున్నే దుప్పుల మందనో, తల మీద చెట్టుకొమ్మల్లా కొమ్ములున్న కణుజునో (సాంబర్ జింక), బాటకు అడ్డంగా దూకే కొండముచ్చులనో చూపించి ఉంటాడు. అవి వారికి కళ్లకు ఆనవు.

పులి కనిపించకపోయినా అది వెళుతున్న వార్త మీకు అందుతుంది, చెవులు రిక్కించగలిగితే. రాత్రి ఎనిమిదికి అందరూ మాటలు ఆపి వరండాలో దీపం లేకుండా అరగంట కూర్చోండి. గోళీ రాతి మీద పడి ఎగిరెగిరి ఆగినట్టు ఒక శబ్దం వస్తుంది, అది నైట్‌జార్ పక్షి. దుప్పి భయపడితే చీల్చినట్టు ఒక్క కూత కూస్తుంది. కొండముచ్చు చెట్టు మీద నుంచి దగ్గినట్టు "ఖక్ ఖక్" అంటుంది. కణుజు మాత్రం ఊరికే అరవదు. ఖాళీ డబ్బాను కొట్టినట్టు "ఢాంక్" అని అరిచి, కొంత సేపటికి మళ్లీ అరిచిందంటే పెద్దపులి గాని చిరుత గాని దాని కంట పడిందన్నమాటే. ఆ అరుపులు ఒక లోయ నుంచి మరో లోయకు మారుతూ పోతుంటే అది ఎటు నడుస్తోందో కుర్చీలో కూర్చునే చెప్పవచ్చు.

మీ అమ్మగారికి ముందుగానే చెప్పి ఉంచవలసినది ఒకటుంది. రాత్రి తీతువు పిట్ట అరుస్తుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు దాన్ని అపశకునం అంటారు, నిద్ర పట్టక దిగులు పడతారు. తీతువు నేల మీద బతికే పక్షి, గూడూ నేల మీదే. చీకట్లో ఏ నక్క నడిచినా, పిల్లి నడిచినా, మనిషి నడిచినా లేచి అరిచి అందరినీ లేపుతుంది. బేస్ క్యాంపులో మేము దాని అరుపును కాపలావాడి ఈలగా భావించేవాళ్లము. కలప దొంగల కదలిక మాకు రెండుసార్లు అలాగే తెలిసింది. ఈ మాట చెబితే ఆమె ఆ అరుపును వేరే చెవితో వింటారు.

అమ్మగారి సౌకర్యం గురించి మరికొన్ని. కాటేజీ తీసుకుని మంచి పని చేశారు, టెంటుకు మార్చుకోకండి. టెంట్లలో పరుపు కిందుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవారు లేవలేరు. కుర్చీ కమోడు ఉందో లేదో ముందే అడగండి. రాత్రి లేవవలసి వస్తే మిమ్మల్ని లేపమని, తలగడ పక్కన టార్చి పెట్టుకోమని చెప్పండి. బీపీ మాత్రలు రెండు రోజులకు బదులు ఐదు రోజులకు సరిపడా తీసుకువెళ్లండి, వాన పడి చెట్టు కూలితే దారి ఆగిపోవచ్చు. డిసెంబరులో తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది, తెరిచిన జీపులో గాలికి చెవులు మొద్దుబారతాయి. మంకీ క్యాప్, శాలువా, సాక్సులు మర్చిపోకండి. వేడినీళ్లు కట్టెల మీద కాగులో కాచి బకెట్లతో తెచ్చి ఇచ్చే చోట్లు ఇప్పటికీ ఉన్నాయి, కాబట్టి ఎప్పుడు కావాలో రాత్రే చెప్పి పెట్టాలి. తెల్లవారి ఐదున్నరకు మీకు వేడినీళ్లు అందాలంటే ఒక మనిషి నాలుగున్నరకు లేచి పొయ్యి రాజేయాలి. ఆ సంగతి తెలిస్తే ఆలస్యమైందని ఎవరూ కేక వేయరు.

సామాను జాబితా పెద్దదేమీ అక్కరలేదు. చీలమండ కప్పే బూట్లు, నిండు చేతుల బట్టలు, ముదురు ఆకుపచ్చ గాని మట్టి రంగు గాని అయితే మేలు. మనిషికొక టార్చి, దోమతెర, దోమల మందు, తాగునీటికి స్టీలు సీసాలు, ఓఆర్ఎస్ పొట్లాలు, మామూలు మందులు. అత్తరు, సెంటు వద్దు. పెద్ద తేనెటీగల పట్టులున్న చెట్ల కింద నడవవలసి వస్తుంది. మద్యం, పాటల స్పీకర్లు, డ్రోన్లు లోపలికి తీసుకురాకండి. ప్లాస్టిక్ సీసాలు, సంచులు చెక్‌పోస్టు దగ్గరే దించేసుకోండి.

నెగడు వేయమని పిల్లలు అడుగుతారు. క్యాంపు వారు ఏర్పాటు చేసిన గుంటలో, వారు వేస్తేనే. వరండా ముందు మీరు స్వయంగా ఆకులు పోగుచేసి అంటించకండి. ఫిబ్రవరి నుంచి ఒక్క నిప్పురవ్వ కొండ కొండనే తినేస్తుంది. మంట పాకకుండా గడ్డి చెక్కి అగ్నిరేఖలు గీసి, కొమ్మలతో మంటలు బాది ఆర్పుతూ మూడు రాత్రులు నిద్ర లేకుండా గడిపినవాడిగా ఈ మాట చెబుతున్నాను. కాలిన మర్నాడు అక్కడ పక్షిగుడ్ల పెంకులు నల్లగా కనిపిస్తాయి.

చెంచు సిబ్బందితో మర్యాదగా మాట్లాడండి. వయసులో మీ నాన్నగారంత మనిషిని "ఒరేయ్, ఇటు రా" అని పిలిచే అతిథులను చూశాను. "అన్నా", "పెద్దాయనా" అనడం మనకు తెలియని మర్యాద కాదు. గూడెంలోకి చెప్పకుండా వెళ్లి పిల్లలకు చాక్లెట్లు పంచి ఫొటోలు తీయవద్దు. తేనె కావాలంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి. గైడును కూర్చోబెట్టి ఒక చెట్టు గురించి అడిగి చూడండి. నల్లమద్ది బెరడు చూపి మొసలి వీపులా ఉందా అంటాడు, తునికి ఆకును ఎప్పుడు కోయాలో చెబుతాడు. అదృష్టం ఉంటే, నంద్యాల-గిద్దలూరు వైపు అడవుల్లో చెట్టు తొర్రలో దాగి ఉండే నీలిరంగు పెద్ద సాలీడు గురించి కూడా చెబుతాడు. గుత్తిలో దొరికిన నమూనాతో 1899లో శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టారు. ఆ తర్వాత నూరేళ్లకు పైగా ఎవరి కంటా పడలేదు. 2001లో మన అడవిలోనే మళ్లీ దొరికింది. అంతరించిపోయే ప్రమాదం అంచున ఉన్న జీవి అది. దాన్ని చూపిస్తానని డబ్బు అడిగేవారెవరైనా తారసపడితే ఆ వెంట వెళ్లకండి, తొర్రలు పగలగొట్టి విదేశాలకు అమ్ముకునేవారి వల్ల దానికి ఇప్పటికే చాలా నష్టం జరిగింది.

మీరు ఎంచుకున్న నెల మంచిది. జూలై నుంచి సెప్టెంబరు దాకా పులుల అభయారణ్యాల్లో సందర్శన నిలిపివేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో నీటికుంటల దగ్గర జంతువులు కనిపించే అవకాశం ఎక్కువే గాని ఆ వేడి పిల్లలకు, పెద్దవారికి తగదు. ఇటీవల గుండె ఆపరేషన్ అయినవారు, నెలలు నిండుతున్న గర్భిణులు, తేనెటీగ కుడితే ఒళ్లంతా వాచేవారు మాత్రం ఏ నెలలోనైనా రావద్దనే నా సలహా. ఆస్పత్రి దూరం వారికి చాలా ఎక్కువ.

తిరిగి వచ్చాక మూడు వారాలలోపు మీలో ఎవరికైనా జ్వరం వస్తే, అడవిలో రెండు రాత్రులు పడుకున్న సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. మలేరియా ఒకటి, పొదల్లోని నల్లికంటే చిన్న పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ మరొకటి. నడుము పట్టీ దగ్గరో చంకలోనో చిన్న నల్లటి పొక్కు ఉందేమో వెతకండి. చెబితే సులభంగా నయమయ్యే జబ్బు, చెప్పకపోతే రోజుల తరబడి దొరకని జబ్బు అది.

పాప ప్రశ్నను చివరికి ఉంచాను. పులి తలుపు కొట్టదని చెప్పండి. అది మనిషి వాసన తగిలితే పక్కకు తప్పుకుని పోతుంది. అయితే రాత్రి మన గది ముందు నుంచి ఎవరెవరు వెళ్లారో పొద్దున్నే తనే కనిపెట్టవచ్చని కూడా చెప్పండి. కెమెరాలు రాకముందు మేము పులుల జాడ పట్టడానికి అడవి బాటల మీద మెత్తటి మట్టి పరిచి ముద్రల కోసం చూసేవాళ్లము. అదే పని మీరు వరండా మెట్ల ముందు చేయండి. సాయంత్రం క్యాంపు మనిషిని అడిగి రెండు తట్టల సన్నటి మట్టి తెచ్చి, మంచం అంత జాగాలో పరిచి, వెదురు రెమ్మతో నున్నగా దువ్వండి. పొద్దున్నే, ఎవరూ తొక్కకముందు, పాపను నిద్రలేపి వరండా మీద నుంచి చూపించండి. గోళ్ల గుర్తులుంటే కుక్కజాతి, లేకపోతే పిల్లిజాతి. చిన్నపిల్లవాడి పాదంలా ఉండి ముందు పొడవాటి గోళ్లుంటే ఎలుగు. పాదాల వెనుక చీపురు ఈడ్చినట్టు గీతలుంటే ముళ్లపంది.

మొన్న జనవరిలో మా మనవడు అలాగే చూశాడు. మట్టి మీద కుందేలు ముద్రలు మూలగా వచ్చి, సరిగ్గా మధ్యలో ఆగి, ఒక్క గెంతులో ఎడమవైపు మాయమయ్యాయి. కుందేలు ఆగిన చోటికి కుడివైపున, మట్టి చివరన, బొటనవేలంత పిల్లి పాదాలు నాలుగు కనిపించాయి. వాడు మెట్టు మీద కూర్చుని ఆ బొమ్మను పుస్తకంలో గీసుకునేదాకా మేమెవ్వరం కిందకు దిగలేదు.